పాల లెక్క

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే దేవుడి గూట్లో దీపం వెలిగించాను. రెండు సూట్‌కేసులతో డల్లాస్‌లో దిగి, మొదటి చలికి ఏడుస్తూ నాకు ఫోను చేసిన పిల్లవి నువ్వు. ఎంత దూరం వచ్చావమ్మా!

కానీ ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. జనవరిలో తన బైపాస్ ఆపరేషన్‌కు నువ్వు రావడం లేదట. "కాగితాల పని పూర్తయ్యాకే ఇండియా" అన్నావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు తేలిక సంగతులు. నీ గ్రీన్ కార్డుకు జూన్‌లో ఐదేళ్లు నిండుతాయి కనుక, అంతకు 90 రోజుల ముందు, మార్చిలోనే ఎన్-400, అంటే పౌరసత్వ దరఖాస్తు, పంపవచ్చు. ఒక్క రోజు తొందరపడినా చెల్లదు, వేళ్ల మీద కాకుండా క్యాలెండర్ చూసి లెక్కపెట్టు. ఈ ఐదేళ్లలో ఉన్న ఇళ్లు, చేసిన ఉద్యోగాలు, దేశం దాటిన ప్రతి ప్రయాణం రాసి పెట్టుకో. పాస్‌పోర్టు స్టాంపులు చూసి రాయి, జ్ఞాపకాన్ని నమ్మకు. అడిగినది ఏదీ దాచకు. 2025 అక్టోబర్ 20 నుంచి పంపే దరఖాస్తులకు పౌరసత్వ పరీక్ష మారింది: 128 ప్రశ్నలు చదువుకోవాలి, అధికారి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. ఆ విషయంలో నీ గురించి నాకు దిగులు లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లో ఓటరుగా నమోదవుతారా అని అడిగితే, తొందరలో ఉన్నా సరే, వద్దని చెప్పు. పౌరసత్వ ప్రమాణం చేయకముందు పౌరురాలినని ఎక్కడైనా సంతకం పెడితే అసలు ఉన్న గ్రీన్ కార్డుకే ఎసరు వస్తుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి.

1993లో మీ అమ్మమ్మకు పక్షవాతం వచ్చింది. నాకు గ్రీన్ కార్డు వచ్చి అప్పటికి నాలుగేళ్లు. పౌరసత్వం అడగాలంటే ఐదేళ్లు తెగకుండా ఇక్కడే కాపురం ఉండాలి. మీ పెదనాన్ననూ పిల్లలనూ ఇక్కడే వదిలి నేనొక్కదాన్నే తెనాలి వెళ్లాను. బయలుదేరే ముందు ఎవరింట్లోనో భోజనాల దగ్గర ఒకాయన అన్నాడు: "ఆరు నెలల మీద ఒక్క రోజు ఉన్నా నాలుగేళ్ల లెక్క గంగలో కలిసినట్టే." ఆయన పేరు కూడా ఇప్పుడు గుర్తు లేదు. ఆ మాటను మాత్రం శిలాశాసనంలా మోసుకుపోయాను.

వంటింటి గోడకు తిరుమల దేవస్థానం క్యాలెండర్ ఉండేది. పాలు పోయించుకున్న రోజుకో గీత పెట్టేవాళ్లం. నేను ఆ గీతల కిందే ఎర్ర పెన్సిలుతో ఇంకో వరస మొదలుపెట్టాను. అమ్మ మంచం హాల్లో వేశాం, అక్కడినుంచి ఆ గోడ తిన్నగా కనిపిస్తుంది. ఒకరోజు ముద్దముద్దగా అడిగింది: "ఆ ఎర్ర గీతలేమిటే?"

"పాల లెక్కమ్మా" అన్నాను.

నూట డెబ్బై ఎనిమిదో గీత పెట్టిన రోజు బయలుదేరాను. కుడి చెయ్యి లేవదు, ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుంది. "పాల లెక్క తేలిందా?" అంది. తేలిందన్నాను. కొంగు వదిలేసింది.

పంతొమ్మిదో రోజున పోయింది. ఫోను చేసింది మీ అమ్మే. మళ్లీ వెళ్తే ఆ రోజులన్నీ కలిపి లెక్క కడతారేమోనన్న భయంతో పెద్దకర్మకు కూడా వెళ్లలేదు. అప్పటికీ ఎవరినీ అడగలేదు.

మరుసటి ఏడాది నా దరఖాస్తు చూసిన ఇమిగ్రేషన్ లాయరు ఆ ప్రయాణం దగ్గర ఆగి, ఎందుకు పరుగున తిరిగొచ్చావని అడిగింది. చెప్పాను. ఆరు నెలలు దాటి ఏడాది లోపు అయితే అనుమానపడతారు, కానీ మన కాపురం ఇక్కడే ఉందని రుజువు చూపుకోవచ్చు అంది. భర్త ఉద్యోగం, పిల్లల బడి, ఇంటి అద్దె కాగితం, కట్టిన పన్నులు. ఇవన్నీ ఆమె బల్ల మీదే ఉన్నాయమ్మా. నేనే తెచ్చి పెట్టాను. ఏడాది దాటితేనే లెక్క నిజంగా తెగిపోతుందట. మళ్లీ వెళ్లి వచ్చినా విడివిడి ప్రయాణాలే, కలపరు.

ఇంత చదువుకున్న దానివి, నువ్వూ ఎవరి మాటో పట్టుకుని కూర్చున్నావా? నీ సంగతి ఆరు నెలలు కూడా కాదు, ఆరు వారాలు. ఐదేళ్లలో 30 నెలలు ఈ దేశంలో ఉంటే చాలన్న చోట నువ్వు నాలుగున్నరేళ్లు గడిపావు. జనవరిలో వెళ్లి మార్చిలో తిరిగొచ్చి దరఖాస్తు పంపు. పంపిన తర్వాత కూడా ప్రయాణాలు చేయవచ్చు. వేలిముద్రలకూ ఇంటర్వ్యూకూ వచ్చే ఉత్తరాలు చూసే మనిషి ఇంట్లో ఉంటే చాలు. ఇంకా అనుమానం ఉంటే లాయరును అడుగు, భోజనాల దగ్గర ఎవరినీ అడగకు. తిడుతున్నానని అనుకోకు తల్లీ. నీలో నన్నే చూసి భయపడుతున్నాను.

ప్రమాణం రోజున గ్రీన్ కార్డు తీసుకుని సర్టిఫికెట్ చేతిలో పెడతారు. అక్కడే నిలబడి నీ పేరు అక్షరం అక్షరం చదువు, మన ఇంటిపేర్లతో తప్పులు ఎక్కువ. భారతదేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, కనుక ఆ తర్వాత పాత పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకు. దాన్ని సరెండర్ చేసి, వేరే దేశ పౌరులైన మనవాళ్లు వీసా లేకుండా ఇండియా వెళ్లడానికి ఇచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టుకో. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో మన్మోహన్ సింగ్ గారు మొదటి ఓసీఐ కార్డులు ఇచ్చారు. అంతకుముందు తెనాలి వెళ్లడానికి నేను వీసా తీసుకోవలసి వచ్చేది. ఆ కార్డుతో అక్కడ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనలేవు. మీ నాన్న ఎకరం వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు, దాని గురించి ఆయన కంగారు పడుతున్నారట, చెప్పు.

ఆపరేషన్ తేదీ ఖాయమైందని నిన్న మీ అమ్మ చెప్పింది. ఈ వారమే టికెట్ తీసుకో. తిరుగు ప్రయాణం తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే తీసుకో. ఎక్కువయ్యే డబ్బు నేను పంపిస్తాను.

మీ పెద్దమ్మ
ఎడిసన్, న్యూజెర్సీ