కొబ్బరి మొద్దు మీద లక్క రంగు పుట్టగొడుగు కనిపిస్తే

ప్రశ్న: గట్టు మీద పడేసిన మామిడి దుంగలకు వానలు పడ్డాక నారింజ రంగులో విసనకర్రల్లాంటి పుట్టగొడుగులు వచ్చాయి. రెండేళ్ల కిందట కొట్టేసిన కొబ్బరి చెట్టు మొద్దుకేమో ముదురు ఎరుపులో మెరిసేవి వచ్చాయి. మందుల షాపులో అడిగితే తోటంతా మందు కొట్టమన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి? వీటిని తినొచ్చా?
– ఒక రైతు, కోనసీమ

జవాబు: తోటంతా మందు కొట్టకండి, డబ్బు దండగ. మీరు చెప్పిన రెండూ ఒకటి కావు.

మామిడి దుంగల మీద ఉన్నవాటితో భయం లేదు. పలచగా, అట్టముక్కలా గట్టిగా ఉండి, అడుగున సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలు కనిపిస్తే అది ఎండిన కర్రను తిని బతికే శిలీంధ్రం. కర్రను కుళ్లబెట్టి మట్టిలో కలిపేస్తుంది. మనం వరిగడ్డి మీద పెంచే ముత్యపు చిప్ప పుట్టగొడుగు చేసే పని కూడా ఇదే. వాటిని అలాగే వదిలేయండి.

నాకు దిగులంతా ఆ కొబ్బరి మొద్దు గురించే. పైన వార్నిష్ పూసినట్టు మెరుపు, అంచున తెల్లటి గీత, చుట్టూ కోకో పొడిలాంటి గోధుమ రంగు దుమ్ము ఉన్నాయేమో చూడండి. ఉంటే అది కొబ్బరి వేర్లను, కాండాన్ని కుళ్లబెట్టే గానోడెర్మా అనే శిలీంధ్రం అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఇది చచ్చిన మొద్దుతో ఆగదు. నేలలో వేర్ల ద్వారా పక్కనున్న పచ్చని చెట్టుకు పాకుతుంది. తమిళనాడులో 1952 తుపాను తర్వాత తంజావూరు కొబ్బరి తోటల్లో బయటపడింది కాబట్టి దీన్ని తంజావూరు తెగులు అని కూడా అంటారు.

ఇంకో మాట. బతికున్న చెట్టు మొదట్లో పుట్టగొడుగు కనిపించేసరికే లోపల కాండం చాలావరకు కుళ్లిపోయి ఉంటుంది. అందుకని పుట్టగొడుగు వచ్చేదాకా ఆగకుండా ఆ మొద్దు చుట్టుపక్కల చెట్లను ఇవాళే చూడండి. కాండం మొదట్లో పగుళ్ల నుంచి ఎర్రటి గోధుమ రంగు జిగురు కారుతోందా? కింది మట్టలు పసుపెక్కి, కాండాన్ని అంటుకుని వేలాడుతున్నాయా? ఈ రెండూ కనిపిస్తే తెగులు సోకినట్టే అనుకోండి.

ముందు ఆ మొద్దును వేర్లతో సహా తవ్వి తీసి అక్కడే కాల్చేయండి. తెగులు ఉన్న చెట్టు చుట్టూ మీటరు లోతు, అడుగున్నర వెడల్పు కందకం తీయండి. అన్ని చెట్లకూ కలిపి నీళ్లు పారిస్తే తెగులును మనమే మోసుకెళ్లినట్టు అవుతుంది, కాబట్టి ఏ చెట్టు పాదుకు ఆ పాదుకే నీళ్లు పెట్టండి. వేర్లు తెగేలా లోతుగా దున్నవద్దు.

జబ్బు చెట్టు పాదులో 1 శాతం బోర్డో మిశ్రమం 40 లీటర్లు పోయండి. అంత మిశ్రమానికి మైలుతుత్తం 400 గ్రాములు, సున్నం 400 గ్రాములు కావాలి. ప్లాస్టిక్ డ్రమ్ములోనే కలపండి, ఇనుప పాత్ర వద్దు. కలిపాక శుభ్రమైన కొడవలిని ఒక నిమిషం ముంచి తీయండి. దాని మీద ఎర్రటి పూత పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకాస్త కలపండి. ఆరోగ్యంగా ఉన్న చెట్లకు ఏడాదికి ఒకసారి వేపపిండి 5 కిలోల్లో ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు చేసే శిలీంధ్రం) 50 గ్రాములు కలిపి, తేమ ఉన్నప్పుడు పాదులో వేయండి. బోర్డో పోసిన పాదులో వెంటనే ట్రైకోడెర్మా వేయొద్దు, మైలుతుత్తంలోని రాగి దాన్ని చంపేస్తుంది. మధ్యలో అరటి అంతరపంటగా ఉంటే ఈ తెగులు తగ్గుతుంది. మీ ప్రాంతంలో ఎలాగూ వేసేదే కదా.

ఇక తినడం గురించి. గానోడెర్మాను మందుగా అమ్ముతారని విని కొందరు ఎండబెట్టి దాచుకుంటున్నారు. తోటలో దొరికిన ఏ పుట్టగొడుగునూ రంగు చూసి నోట్లో పెట్టుకోవద్దు, పిల్లలకు కూడా చెప్పండి. అనుమానం తీరకపోతే ఒక ముక్కను కాగితంలో చుట్టి అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానానికి తీసుకెళ్లి చూపించండి. కవర్లో పెడితే చెమ్మకు కుళ్లిపోతుంది. దాంతోపాటు చెట్టు మొదలు, మట్టలు కనిపించేలా ఫొటోలు కూడా తీసుకెళ్లండి.