మట్టి సీసాల అమ్మాయి, ఇంజినీరింగ్ సీటు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) సైన్స్‌లో 86 శాతం తెచ్చుకుంది. సీఈటీ ర్యాంకుకి ఓ ప్రైవేటు కాలేజీలో ఇంజినీరింగ్ సీటు వచ్చేలా ఉంది. ఫీజు ఏడాదికి రెండున్నర లక్షలు. వేసవిలో పదిరోజులు మట్టి ఇళ్ల వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఇంజినీరింగ్ వద్దంటోంది. తమిళనాడులో ఇరవై మంది కలిసి ఉంటూ, పని చేస్తూ నేర్చుకునే చోటు ఒకటుందట. రెండేళ్లు అక్కడ ఉంటానంటోంది. వాళ్లు డిగ్రీ ఇవ్వరు. మా బాల్కనీ నిండా హార్లిక్స్ సీసాల్లో మట్టి, నీళ్లు కలిపి పెట్టింది. వాళ్లమ్మ ఒకటే ఏడుపు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చదివిందని చెప్పాలి?

జవాబు: ముందు ఆ సీసాల సంగతి. మీరు విసుక్కుంటూ రాశారు గానీ, మీ ఉత్తరంలో నాకు బాగా ఉపయోగపడింది ఆ ఒక్క మాటే. సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి, మూత బిగించి గట్టిగా కుదిపి కదలకుండా పెడతారు. ఇసుక నిమిషం తిరక్కుండా అడుక్కి దిగిపోతుంది. దాని మీద సన్నటి ఒండ్రు పేరుకుంటుంది. బంకమన్ను మాత్రం గంటలు పడుతుంది, ఒక్కోసారి మర్నాటికి గానీ తేరుకోదు. పొరల మందం స్కేలు పెట్టి కొలిస్తే ఆ మట్టి గోడకి పనికొస్తుందో, ఇసుక కలపాలో ఒక అంచనా వస్తుంది. ఈసారి బాల్కనీలోకి వెళ్లినప్పుడు సీసాల మీద చీటీలు అంటించిందేమో, ఎక్కడి మట్టి, ఏ రోజు పోసింది అని రాసిందేమో చూడండి. రాసి ఉంటే ఇది వేసవి సరదా కాదు. వర్క్‌షాప్ అయిపోయి, పక్కన స్నేహితులెవరూ లేకపోయినా ఇంట్లో ఒక్కతే కూర్చుని చేస్తోందంటే ఆ పిల్ల మాట వినాల్సిందే.

నా సలహా సూటిగా చెప్తాను. ఇంజినీరింగ్ సీటు వదిలెయ్యొచ్చు. డిగ్రీ మాత్రం వదలొద్దు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మీ ఇంట్లో సగం గొడవ.

డిగ్రీ కాగితం దేనికి కావాలంటే, బ్యాంకు పరీక్షకి, సివిల్స్‌కి, పీజీకి, విదేశీ చదువుకి. ఇరవై అయిదేళ్లకి పిల్ల మనసు మారితే ఆ కాగితం లేకపోవడం గోడలా అడ్డొస్తుంది. కానీ దాని కోసం నాలుగేళ్లూ, పది లక్షలూ పోయక్కర్లేదు. దూరవిద్య నడిపే కేంద్ర విశ్వవిద్యాలయం ఇగ్నోలో జనవరిలోనూ, జూలైలోనూ అడ్మిషన్లుంటాయి. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. మూడేళ్ల బీఏని ఆరేళ్ల వరకు సాగదీసుకోవచ్చు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ మామూలు కాలేజీ డిగ్రీతో సమానం. దూరవిద్య అంటే ఫెయిలైన వాళ్ల చదువు అని ఇప్పటికీ మన వాళ్లలో చిన్నచూపుంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పెట్టారు, ఈ చిన్నచూపు మాత్రం ఇంకా పోలేదు. అమ్మాయి పగలు మట్టి తొక్కి, రాత్రి అసైన్‌మెంటు రాసుకుంటుంది. కష్టమే. ఆ మాత్రం కష్టానికి ఒప్పుకోకపోతే అప్పుడు మీరు అనుమానపడాలి.

ఇక ఇలాంటి చిన్న చోట్ల గురించి. ఇవేవో నిన్న మొన్న హిప్పీలు పెట్టినవని మీరనుకుంటున్నట్టుంది. డెన్మార్క్‌లో 1844 నుంచి జానపద పాఠశాలలని ఉన్నాయి. అక్కడే ఉండి చదువుకుంటారు, కలిసి వండుకుంటారు, పరీక్షలుండవు. అంతదూరం ఎందుకు, మన బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల సంగతేమిటి? సర్కారు చదువు వద్దని చేతిపనులు, చిత్రలేఖనం నేర్పిన చోటది. తర్వాత అడివి బాపిరాజు అక్కడ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఉదయపూర్‌లో 2010లో మొదలైన స్వరాజ్ యూనివర్సిటీ పేరుకే యూనివర్సిటీ. ‘మేం డిగ్రీ ఇవ్వం’ అని వాళ్లే చెప్తారు, రెండేళ్లు ఎవరి పాఠం వాళ్లే రాసుకుంటారు.

అమెరికాలో కాలిఫోర్నియా ఎడారిలో డీప్ స్ప్రింగ్స్ అని ఒక కాలేజీ ఉంది. 1917లో పెట్టారు. మొత్తం కలిపి ఇరవై, ముప్పై మంది విద్యార్థులే. పశువులు కాస్తారు, గడ్డి కోస్తారు, మధ్యలో చదువుకుంటారు. రెండేళ్లయ్యాక వాళ్లలో చాలామంది పెద్ద యూనివర్సిటీల్లో చేరి డిగ్రీ పూర్తి చేస్తారు. మీ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. చిన్న చోట బతికి, తర్వాత కాగితం కూడా తెచ్చుకోవడం తప్పేమీ కాదు.

ఇప్పుడు మీ అమ్మాయికి నచ్చని మాటలు.

చాలా ఏళ్ల కిందట ఒక కుర్రాణ్ణి నేనే ఇలాంటి ఒక చోటికి పంపాను. పేరు చెప్పను. అంతా ఒకే మనిషి చుట్టూ తిరిగే చోటది. ఆయన మాట్లాడితే నాకే అక్కడ ఉండిపోవాలనిపించింది. ఎనిమిది నెలలకి ఆయనకీ మిగతావాళ్లకీ చెడింది, అంతా చెల్లాచెదురయ్యారు. కుర్రాడు పనిచేశాడని రాసివ్వడానికి కూడా ఎవరూ మిగల్లేదు. పైగా ఆ ఎనిమిది నెలల్లో ఆరు నెలలు ఇటుకలు మోయడమే. నేర్చుకోవడం పేరుతో ఉచిత కూలీ. తప్పు నాదే. అక్కణ్నుంచి బయటికొచ్చిన వాళ్లని ఒక్కరినీ నేను అడగలేదు. పెద్ద పేరున్నవీ ఇబ్బందిలో పడతాయి. ఇంగ్లండులో పర్యావరణ చదువులకి ప్రపంచమంతా పేరున్న షూమాకర్ కాలేజీలో డిగ్రీ కోర్సులు ఆపేస్తున్నట్టు 2024లో, కొత్త విద్యా సంవత్సరం ముంగిట ప్రకటించారు.

కాబట్టి వెళ్లి చూడండి. తండ్రీ కూతురూ ఇద్దరూ, రెండు రాత్రులు ఉండేలా. వెబ్‌సైటు చూసి నిర్ణయించకండి. మూడేళ్ల కిందట అక్కణ్నుంచి వెళ్లిపోయిన వాళ్లలో నలుగురి ఫోన్ నంబర్లు అడగండి. ఇప్పుడేం చేస్తున్నారు, నెలకెంత వస్తోంది అని మొహమాటం లేకుండా అడగండి. నంబర్లు ఇవ్వడానికి వెనకాడితే అదే రాత్రి బస్సెక్కేయండి. వంటింట్లో కాసేపు కూర్చోండి, గిన్నెలు ఎవరు తోముతున్నారో తెలుస్తుంది. ఆడపిల్లలు ఎక్కడ పడుకుంటారు, రాత్రి ఏదైనా అయితే ఎవరికి చెప్పాలి? పదిమంది, అంతకు పైన పనిచేసే ఏ చోటైనా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలి. అందులో ఎవరెవరున్నారో పేర్లు అడగండి. ‘మేమంతా ఒక కుటుంబం, మాకు అలాంటివి అక్కర్లేదు’ అని నవ్వేస్తే మీరు మాత్రం నవ్వకండి.

రెండేళ్లకి ఒకేసారి మాటివ్వొద్దు. ముందు పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌లో చిన్న కోర్సు చెయ్యనివ్వండి. 1989 నుంచి మట్టి కట్టడాల మీదే పనిచేస్తున్నారు, వారం రెండు వారాల శిక్షణలుంటాయి. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి పుదుచ్చేరి. అసలు మీ బెంగళూరులోనే ఈ విద్య మీద చాలా పని జరిగింది. అక్కడి ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో 1974లో పెట్టిన ఆస్ట్రా అనే విభాగం ఒత్తిడితో చేసే మట్టి ఇటుకల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. మట్టిలో కాస్త సిమెంటు కలిపి ప్రెస్సులో ఒత్తుతారు, బట్టీలో కాల్చక్కర్లేదు. అలాంటి ఇళ్లు బెంగళూరులో చాలా ఉన్నాయి. కట్టుబడి నడుస్తున్న సైటు ఒకటి చూసి మూడు నెలలు రోజూ పొద్దున్నే వెళ్లనివ్వండి. బెంగళూరు సైట్లలో పాలమూరు, అనంతపురం మేస్త్రీలు కనబడుతూనే ఉంటారు. ఎండలో వాళ్ల పక్కన నిలబడి గోడ కట్టి, తాపీ పట్టుకుని, చేతులు సున్నానికి పగిలాక కూడా కావాలంటే అప్పుడు తమిళనాడు.

ఇంకో సంగతి, ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నా. ఎంత గొప్పగా ఇల్లు కట్టినా మీ అమ్మాయి ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోలేదు. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైన వాళ్లకే ఆ పేరు. కాంట్రాక్టరుగా, మట్టి పనుల నిపుణురాలిగా బతకొచ్చు, బాగానే బతకొచ్చు. కానీ ప్లాన్ మీద ఆర్కిటెక్ట్‌గా సంతకం పెట్టాలని ఎప్పటికైనా అనిపిస్తే అయిదేళ్ల బీ.ఆర్క్ చెయ్యాల్సిందే. పీయూసీలో లెక్కలు, ఫిజిక్స్ ఉన్నాయి కాబట్టి ఆ తలుపు మూసుకుపోదు. నన్నడిగితే రెండేళ్ల తర్వాత ఇటే వస్తుంది. చేత్తో కమాను కట్టిన పిల్ల బీ.ఆర్క్ క్లాసులో మొదటి ఏడాదే మిగతావాళ్ల కన్నా ముందుంటుంది.

ఫీజెంతో రాశారు గానీ, ఆ డబ్బు చేతిలో ఉందో లేదో మీరు రాయలేదు. ఉందనే అనుకుంటున్నాను. ఇంజినీరింగ్‌కి దాచిన పది లక్షల్లో ఒక్క రూపాయీ ఇప్పుడు ముట్టొద్దు. ఆమె పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి ఆ సంగతి ఆమెకి చెప్పండి. బీ.ఆర్క్‌కో, సొంతంగా మొదటి పని పట్టినప్పుడు ప్రెస్సు కొనుక్కోవడానికో పనికొస్తుంది. నెలనెలా పప్పూ ఉప్పూ ఖర్చు మాత్రం పంపండి. ఇదంతా మీ చేతిలో ఆ డబ్బు ఉందనుకుని చెప్తున్నాను. అప్పు చేసి చదివించే ఇల్లయితే, జీతం వచ్చే చదువే ముందు చదవమనేవాణ్ణి.

సంబంధాల గురించి అడిగారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు కదా, మీ అమ్మాయి మొదటిది నేర్చుకుంటోంది. వచ్చినవాళ్లకి బీఏ చేసింది, ఇళ్లు కడుతుంది అని చెప్పండి. ఆ మాటకి మొహం ముడుచుకునే ఇంటికి పిల్లనివ్వడం మీకు మాత్రం ఇష్టమా?

సీటు వదిలేస్తున్నట్టు చెప్పడానికి గడువుంటుంది, అది దాటితే కట్టిన ఫీజు తిరిగి రావడం కష్టం. ఆ తేదీ ఈ రోజే చూడండి. కాలేజీలో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే అన్నీ వెనక్కి తీసుకోండి, ఇగ్నో అడ్మిషన్‌కి అవి కావాలి. వాళ్లమ్మగారితో మీరు కాదు, అమ్మాయినే మాట్లాడమనండి. ఆ సీసాలు ముందు పెట్టుకుని, ఏ పొర ఏమిటో చూపిస్తూ.