అమెరికా తొలి చరిత్ర నాకు మామయ్యగారి ప్రశ్నతో అర్థమైంది

సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదువుతున్నానని, అమెరికా తొలినాళ్ల తేదీలు ఎంత బట్టీపట్టినా నిలవట్లేదని, అసలు వీటిలో ముఖ్యమైన మలుపులేవో, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమేమిటో చెప్పమని అడిగారు. మీ ప్రశ్న చదవగానే కొన్నేళ్ల కిందటి మా వంటింటి గోడ గుర్తొచ్చింది. స్టవ్ పక్కన టైల్స్ మీద 1607 ఒక చీటీ, 1776 ఒక చీటీ, 1787 ఒక చీటీ అంటించుకుని కూర కలుపుతూ చదివేదాన్ని. రాత్రికి వచ్చేవి, తెల్లారేసరికి పోయేవి. అందుకే నాకు అవి ఎలా అతుక్కున్నాయో అదే చెప్తాను.

ఆ చలికాలం మా మామయ్యగారు గుంటూరు నుంచి మా దగ్గరికి న్యూజెర్సీ వచ్చారు. ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. క్రిస్మస్ రోజు అందరికీ సెలవు కదా అని డెలావేర్ నది ఒడ్డుకి, వాషింగ్టన్ క్రాసింగ్‌కి తీసుకెళ్లాం. 1776 క్రిస్మస్ రాత్రి జార్జ్ వాషింగ్టన్ సైన్యంతో నది దాటిన చోటు అది. ఏటా అదే రోజు ఆనాటి దుస్తులేసుకుని, అలాంటి పడవల్లోనే పెన్సిల్వేనియా ఒడ్డు నుంచి న్యూజెర్సీ ఒడ్డుకి దాటి చూపిస్తారు. గాలి, నీళ్లు అనుకూలంగా లేకపోతే పడవలు దింపరు. మేం వెళ్లిన రోజు దింపారు.

మామయ్యగారు మంకీ క్యాప్, శాలువా, దానిమీద మావారి జాకెట్టు వేసుకుని నిలబడ్డారు. "ఇంతేనా ఏరు?" అన్నారు మొదట. కృష్ణను చూసిన కళ్లకి అది చిన్నదే. అప్పుడు ఐదో క్లాసు చదువుతున్న మా అబ్బాయి తాతయ్యకి కథంతా చెప్పాడు. ఆ ఏడాది జులై 4న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించారు గానీ, ఆ తర్వాత దాదాపు అన్నీ ఓటములే. ఆగస్టులో లాంగ్ ఐలండ్‌లో ఓడారు, న్యూయార్క్ పోయింది, నవంబరులో ఫోర్ట్ వాషింగ్టన్‌లో 2,800 మంది దాకా బందీలయ్యారు. మిగిలినవాళ్లు న్యూజెర్సీ అంతా వెనక్కి నడుచుకుంటూ వచ్చి, దొరికిన పడవలన్నీ తమ వైపు లాగేసుకుని నది అవతల కూర్చున్నారు. కాళ్లకి సరైన జోళ్లు లేవు. డిసెంబర్ 31తో చాలామంది ఒప్పందం ముగిసిపోతుంది. జనవరి 1న ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోవచ్చు. అంటే వాషింగ్టన్ చేతిలో ఉన్నది వారం రోజులు.

ఆ రాత్రి మంచు, వడగళ్లు పడుతుండగా 2,400 మంది, 18 ఫిరంగులు ఈ నది దాటాయి. పడవలు నడిపింది మసాచుసెట్స్ తీరంలోని మార్బుల్‌హెడ్ నుంచి వచ్చిన జాన్ గ్లోవర్ దళం, సముద్రం మీద చేపలు పట్టుకు బతికేవాళ్లు. అర్ధరాత్రికల్లా అందరూ దాటాలనుకున్నది తెల్లవారుజామున మూడయింది. అక్కడి నుంచి ట్రెంటన్‌కి తొమ్మిది మైళ్లు నడిచారు. వేరేచోట్ల దాటాల్సిన రెండు దళాలు మంచుగడ్డల వల్ల సమయానికి రాలేకపోయాయి. అయినా పొద్దున్న ఎనిమిదింటికి ట్రెంటన్ మీద పడి, బ్రిటిష్ వాళ్లు జర్మనీ నుంచి కిరాయికి తెచ్చుకున్న హెస్సియన్ సైనికుల్ని 900 మంది దాకా పట్టుకున్నారు. యుద్ధంలో కాదు, దారిలో చలికి ఇద్దరు అమెరికన్ సైనికులు చనిపోయారు.

అంతా విని మామయ్యగారు నా వైపు తిరిగి, "అంతా బాగుందమ్మా. వీళ్లకి జీతాలెవరిచ్చారు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి వెతికాను. ట్రెంటన్ గెలిచాక కూడా సైనికులు ఇళ్లకి వెళ్తామనే అన్నారు. ఇంకో ఆరు వారాలు ఉంటే మనిషికి పది డాలర్లిస్తానని వాషింగ్టన్ మాటిచ్చాడు. ఆ డబ్బు ఆయన దగ్గర లేదు. ఫిలడెల్ఫియా వ్యాపారి రాబర్ట్ మోరిస్‌ని అడిగితే సర్ది పంపాడు. అలా ఆగినవాళ్లతోనే జనవరి 2న ట్రెంటన్ దగ్గర బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యాన్ని నిలువరించాడు. రాత్రి మంటలు వెలుగుతూనే ఉంచి, చడీచప్పుడు లేకుండా పక్కదారిన జారుకుని, 3న ప్రిన్స్‌టన్‌లో గెలిచాడు. ఆ పది రోజుల్లో సైన్యం విడిపోయి ఉంటే జులైలో రాసిన ప్రకటన కాగితంగానే మిగిలేది. అన్నిట్లోకీ పెద్ద మలుపు ఏదంటే నేను ఈ పది రోజులే అంటాను. ఇంత చేసిన ఆ మోరిస్ చివరికి భూముల వ్యాపారంలో దివాలా తీసి, అప్పుల ఖైదులో మూడేళ్లకు పైగా గడిపాడు. అది చదివి నాకు చాలా బాధేసింది.

అప్పటి నుంచీ ప్రతి తేదీనీ మామయ్యగారి ప్రశ్నతోనే చదివాను: డబ్బెవరిది, పన్ను ఎవరు వేశారు, ఎవరు కట్టారు? చీటీలన్నీ ఒక దారానికి చేరాయి.

మొదటి ముడి 1763. ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం గెలిచిన బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపై 13 కోట్ల పౌండ్లకి చేరింది. గెలిచిన ప్రాంతాల్లో సైన్యాన్ని ఉంచాలి, ఆ ఖర్చులో కొంత అమెరికాలోని తమ కాలనీలు భరించాలన్నారు. 1765లో స్టాంపు చట్టం తెచ్చారు. మనం ఇంటి రిజిస్ట్రేషన్‌కి స్టాంపు పేపర్ కొంటాం కదా, అలాంటిదే. దస్తావేజులకే కాదు, వార్తాపత్రికలకీ పేకముక్కలకీ కూడా పెట్టారు. మా ప్రతినిధి ఒక్కడు కూడా లేని లండన్ పార్లమెంటు మా మీద పన్ను ఎలా వేస్తుందని కాలనీలవాళ్లు తిరగబడ్డారు. మరుసటి ఏడు చట్టాన్ని రద్దు చేశారు గానీ, మీ మీద ఏ చట్టమైనా చేసే హక్కు మాకుందని అదే రోజు ఇంకో చట్టం రాసుకున్నారు. గొడవ అక్కడే మిగిలిపోయింది.

ఇది చెప్తుంటే మామయ్యగారు తల ఊపారు. ఆయనది పెదనందిపాడు పక్క ఊరు. 1922లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో ఆ ఫిర్కా రైతులు బ్రిటిష్ వాళ్లకి శిస్తు కట్టేది లేదని భీష్మించారు, మునసబులు, కరణాలు ఉద్యోగాలకి రాజీనామాలిచ్చారు. ఆ కబుర్లు ఇంట్లో వింటూ పెరిగినాయనకి స్టాంపు చట్టం గురించి నేను విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

1773 బోస్టన్ టీ పార్టీని నేను చాలాకాలం తప్పుగా అనుకున్నాను. టీ ధర పెంచారని పారబోశారనుకునేదాన్ని. నిజానికి ఆ ఏడు వచ్చిన చట్టంతో టీ చవకైంది. ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో మునిగి, లండన్ గిడ్డంగుల్లో సరుకు పేరుకుపోయి ఉంది. అంతకుముందే 1770లో బెంగాల్ కరువు వచ్చింది, కంపెనీ పాలనలో లక్షల మంది ఆకలికి చచ్చిపోయారు. కంపెనీని గట్టెక్కించడానికి సరాసరి అమెరికాలో అమ్ముకోనిచ్చారు, కానీ పౌండు టీకి మూడు పెన్నీల పన్ను మాత్రం ఉంచారు. చవకగా కొని తాగితే ఆ పన్ను వేసే హక్కుని ఒప్పుకున్నట్టే. అందుకే డిసెంబర్ 16 రాత్రి 342 పెట్టెలు బోస్టన్ రేవులో పారబోశారు. అది మన దేశపు టీ కూడా కాదు, చైనాది. అప్పటికి అస్సాం తోటలు లేవు. దానికి శిక్షగా రేవు మూసేశారు, 1775 ఏప్రిల్‌లో బోస్టన్ దగ్గరి లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్లలో తుపాకులు పేలి యుద్ధం మొదలైంది.

ట్రెంటన్ తర్వాత రెండు విషయాలు గుర్తుంచుకోండి. 1777 మొదట్లో మోరిస్‌టౌన్ శిబిరం నుంచి వాషింగ్టన్ సైన్యమంతటికీ మశూచికి టీకా లాంటిది వేయించమని ఆదేశించాడు. అప్పటి పద్ధతిలో అది ప్రాణాలతో పందెమే, అయినా సైన్యాన్ని కాపాడింది. అదే ఏడు అక్టోబర్ 17న సరటోగాలో బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ లొంగిపోయాడు. అది చూసి 1778 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ చేయి కలిపింది. ఓడలు, ఫిరంగులతో పాటు నాణేలూ వచ్చాయి. 1781లో వర్జీనియాలోని యార్క్‌టౌన్‌కి వెళ్తూ సైనికులు జీతాలడిగితే, ఫ్రెంచి సేనాని రోషాంబో తన ఖజానా నుంచి అప్పిచ్చాడు. అది తెలిశాక మామయ్యగారు, "చూశావా, ఖజానా లేనిదే యుద్ధం లేదు" అన్నారు.

యార్క్‌టౌన్‌లో అక్టోబర్ 19న లొంగిపోయినవాడు ట్రెంటన్ దగ్గర చూసిన ఆ కార్న్‌వాలిసే. ఒంట్లో బాగాలేదని తాను రాకుండా కింది అధికారిని పంపాడు. తర్వాత ఐదేళ్లకి, 1786లో, గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1788లో నిజాం నుంచి గుంటూరు సర్కారుని కంపెనీకి రాబట్టింది ఆయన హయాంలోనే. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు ఒప్పందం పెట్టాడు, 1802 నుంచి అదే పద్ధతిని మన ఉత్తర సర్కారుల్లోకీ తెచ్చారు. పన్ను గురించి పోరాడినవాళ్ల ముందు ఓడిన మనిషి చేతిలోకే మా ఊళ్ల శిస్తు వచ్చిందని తెలిసిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా కథ జీతాల దగ్గరే చిక్కుకుంది. అప్పటి కేంద్ర ప్రభుత్వానికి పన్ను వేసే అధికారమే లేదు, రాష్ట్రాలు దయతలచి ఇవ్వాలి. 1783 జూన్‌లో జీతాలు రాని సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ (రాష్ట్రాల ప్రతినిధుల సభ) భవనాన్ని చుట్టుముడితే, సభ్యులు ప్రిన్స్‌టన్‌కి వచ్చి నసావ్ హాల్‌లో సభలు జరుపుకున్నారు. ఇంకో మూడేళ్లకి మసాచుసెట్స్‌లో పన్నులకీ అప్పులకీ పొలాలు పోగొట్టుకుంటున్న రైతులు డేనియల్ షేస్ వెంట నడిచి కోర్టులు మూయించారు. వాళ్లలో చాలామంది స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్లే. వాళ్లని అణచడానికి కేంద్రం దగ్గర డబ్బు లేక, బోస్టన్ వ్యాపారులు చందాలేసుకుని దళాన్ని పంపారు. ఆ భయమే నాయకుల్ని 1787 వేసవిలో ఫిలడెల్ఫియాకి చేర్చింది. 55 మంది కూర్చున్నారు, 39 మంది సంతకం పెట్టారు. ఆ రాజ్యాంగంలో కాంగ్రెస్‌కి ఇచ్చిన అధికారాల జాబితా తీస్తే మొట్టమొదటిది పన్నులు వేసి వసూలు చేయడం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగమంటాను. ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు, ఎంత పన్ను అన్న లెక్కలో బానిసల్ని ఐదుగురికి ముగ్గురి చొప్పున కలిపారు. 1619లో వర్జీనియా తీరంలో మొదటి ఆఫ్రికన్లని దింపినప్పటి నుంచి వాళ్ల చెమటే ఆ కాలనీల సంపద. 1790లో తొలి జనాభా లెక్క తీస్తే 39 లక్షల మందిలో 7 లక్షల దాకా బానిసలు. స్వేచ్ఛ కోసం నది దాటినవాళ్లని నేను నిజంగా గౌరవిస్తాను. కానీ ఈ లెక్క చదివినప్పుడు గుండె బరువెక్కుతుంది, ఎక్కాలి కూడా. మన ఊళ్లలో వెట్టిచాకిరి చూసిన కుటుంబాలకి ఇది అర్థమవుతుంది.

భూమి సంగతీ అంతే. చేతిలో డబ్బు లేని కొత్త దేశం సైనికులకి భూమి ఇస్తామంది, అప్పులు తీర్చడానికి పడమటి భూములు అమ్మింది. ఆ భూములకి అప్పటికే మనుషులున్నారు. డెలావేర్ ఒడ్డు లెనపే జాతివాళ్ల నేల. మేం రోజూ కారులో దాటే రారిటన్, హాకెన్‌సాక్ పేర్లు వాళ్లవే. 1778లో కొత్త దేశం లెనపేలతో స్నేహ ఒప్పందం రాసుకుంది. నాలుగేళ్లు తిరక్కుండానే ఒహాయోలో క్రైస్తవం తీసుకున్న లెనపేల్ని, ఆడవాళ్లు, పిల్లలతో సహా 96 మందిని పెన్సిల్వేనియా దళం చంపేసింది. పరీక్ష ప్రశ్నల్లో ఇది రాదు. తెలుసుకోండి మాత్రం.

చివరి ముడి 1794. కొత్త ప్రభుత్వం విస్కీ మీద పన్ను వేస్తే పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు తిరగబడ్డారు. ఈసారి పన్ను వేసింది వాళ్ల ఓట్లతో ఏర్పడిన సభ. ప్రెసిడెంట్ వాషింగ్టనే గుర్రమెక్కి దాదాపు 13,000 మందితో బయల్దేరాడు. తిరుగుబాటు చెదిరిపోయింది, దేశద్రోహం కింద శిక్ష పడిన ఇద్దరినీ క్షమించి వదిలేశాడు.

మీకు నా సలహా ఒకటే. చీటీలు పక్కన పెట్టి, ఈ వరసలో ఇంట్లో ఎవరికైనా కథగా చెప్పండి, వాళ్లని మధ్యలో ప్రశ్నలడగమనండి. ప్రశ్నల జాబితా మారుతుంటుంది కాబట్టి తాజాది ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. నేను వెళ్లినప్పుడు 100 ప్రశ్నల్లోంచి పది దాకా అడిగేవారు, ఆరు చెప్పాలి.

నన్ను మూడోదో నాలుగోదో అడిగారు, కాలనీలవాళ్లు బ్రిటిష్ వాళ్లతో ఎందుకు పోరాడారని. ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు చెప్తే చాలు, చెప్పాను. ఆఫీసరమ్మ టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గుంటూరుకి ఫోన్ చేస్తే మామయ్యగారు మొదట అడిగిందే, "ఏమడిగారమ్మా?" అని. చెప్పాను. "అయితే మన ప్రశ్నే వచ్చింది" అని, ఫోన్ అత్తయ్యగారికి ఇస్తూ ఆ మాటే ఇంకోసారి గట్టిగా చెప్పారు.