పాప తెచ్చిన 6480ని కొట్టేయకండి

12, 18, 30ల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టమంటే ఆరో తరగతి చదివే మీ పాప మూడింటినీ గుణించేసి 6480 అంటోందని, ఎట్లా చెప్పాలో తెలియడం లేదని రాశారు. ఒంగోల్లో సాయంత్రాలు ట్యూషన్ చెబుతుంటాను, ఏటా ఇలాంటి జవాబు ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు. నిజానికి 6480 ఆ మూడింటికీ సామాన్య గుణిజమే. కనిష్ఠం కాదు, అంతే తేడా.

ముందు ఆ కనిష్ఠం కంటికి కనబడాలి. మా వరండాలో చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పరిపించాం, 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు, అన్నీ ఒకే వాటంగా. ముక్క తెగకుండా అన్నిటికన్నా చిన్న చదరం ఎక్కడ కుదురుతుందో సుద్దతో గీయమంటాను. అటు మూడు, ఇటు రెండు పెడితే 36 అంగుళాల చదరం వచ్చేస్తుంది. 12ని 18తో గుణించి 216 అంటే 18 అడుగులు కావాలి, అంత వరండా మాకెక్కడిది!

తర్వాత లెక్క. సంఖ్యలు చిన్నవైతే పెద్దదాని ఎక్కం చాలు: 30, 60, 90... 90 దగ్గర 18కి కుదురుతుంది, 12కి కుదరదు. 180 దగ్గర రెండింటికీ కుదురుతుంది.

భాగహార పద్ధతిలో పిల్లలు ఎక్కువగా తడబడేది ఒక్కచోటే. 4, 6, 9 ఇస్తే మూడింటినీ భాగించేది లేదని ఆపేసి 216 వేస్తారు. ప్రధాన సంఖ్య ఏదైనా రెండింటిని భాగించినా చాలు, మూడోదాన్ని ఉన్నదున్నట్టు కిందికి దించాలి. అలా చేస్తే 36 వస్తుంది. ఇంకోటి, సంఖ్యల లబ్ధాన్ని గ.సా.భా.తో (గరిష్ఠ సామాన్య భాజకంతో) భాగించి క.సా.గు. తెచ్చే సూత్రం రెండు సంఖ్యలకే. మీ మూడింటి గ.సా.భా. 6 కదా అని 6480ని 6తో భాగిస్తే 1080 దగ్గర ఇరుక్కుంటారు.

ఇక పాప జవాబు సంగతి. 6480ని 12, 18, 30లతో విడివిడిగా భాగించమనండి. 540, 360, 216 వస్తాయి. ఈ మూడింటి గ.సా.భా. 36. 6480ని 36తో భాగిస్తే 180, అదే క.సా.గు. ఏ సామాన్య గుణిజం పట్టుకొచ్చినా ఇదే దారి. 180కి చేసి చూడండి: 15, 10, 6. మూడింటినీ భాగించేది 1 తప్ప ఇంకోటి లేదు, కాబట్టి ఇక తగ్గదు.