ఆవు గురకకు ముక్కులో గొట్టం వేయించవచ్చా?

ప్రశ్న: మా ఆవు రెండు నెలలుగా గురక పెడుతోంది. చీమిడిలో నెత్తుటి చారలు కనిపిస్తున్నాయి. పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ వేయించినా తగ్గలేదు. ఇప్పుడు నాలుగో నెల చూడి. కుక్కకు ముక్కులో గొట్టం పెట్టి బాగుచేసిన వీడియో చూశాను. మా ఆవుకూ అలా చేయించవచ్చా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: గొట్టం ఆలోచన పక్కన పెట్టండి. కుక్కల్లో, పిల్లుల్లో ముక్కు వెనుక గొంతులోకి తెరుచుకునే దారి ఒక్కోసారి పుండు పడి, మచ్చకట్టి సన్నబడిపోతుంది. బెలూన్‌తో వెడల్పు చేసినా చాలాసార్లు మళ్లీ మూసుకుంటుంది. అందుకే పుండు మానేదాకా కొన్ని వారాలు సిలికాన్ గొట్టం ఉంచి తీసేస్తారు. దాన్నే తాత్కాలిక స్టెంట్ అంటారు. అక్కడ అడ్డమంతా ఆ ఒక్క మచ్చే.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ ఆవుకు ముక్కు గురక వ్యాధి వచ్చిందని నా అనుమానం. ముక్కు లోపలి పొరలోని రక్తనాళాల్లో కాపురముండే పురుగు దీనికి కారణం. 1933లో రావు గారనే మన శాస్త్రవేత్త దీన్ని వర్ణించి షిస్టోసోమా నేసేల్ అని పేరు పెట్టారు. దాని గుడ్ల చుట్టూ కండ పెరిగి కాలీఫ్లవర్ పువ్వులా ఉబ్బుతుంది, గాలి దారి ఇరుకవుతుంది. పురుగును వదిలేసి దారిలో గొట్టం పెడితే దాని చుట్టూ కండ మళ్లీ పెరుగుతూనే ఉంటుంది. ఐవర్‌మెక్టిన్ ఈ జాతి పురుగుల మీద పనిచేయదు, కాబట్టి మళ్లీ వేయించకండి.

ముందు నిర్ధారణ కావాలి. పొద్దున్నే ఆవు ముక్కు రంధ్రాల ముందు అరచేయి ఒక్కోదానికి విడిగా పెట్టి చూడండి. ఒకవైపే గాలి బాగా తగ్గి, నెత్తురు కూడా అటే కారుతుంటే చెరువు జలగ పట్టి ఉండొచ్చు, కణితి కూడా కావచ్చు. టార్చి వేసి చూపించండి. రెండువైపులా గురగుర ఉంటే చీమిడిని శుభ్రమైన సీసాలో పట్టి పశువైద్యశాలకు తీసుకెళ్లండి. మైక్రోస్కోప్ కింద బూమరాంగ్‌లా వంగిన గుడ్లు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

మందు విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఈ జబ్బుకు వాడే ఆంథియోమాలిన్ ఇంజెక్షన్‌లో ఆంటిమొనీ అనే లోహం ఉంటుంది. కండలో లోతుగా, వారానికోసారి చొప్పున రెండు మూడు సార్లు ఇస్తారు. చూడి పశువుకు అది ప్రమాదం. అందుకే ఎవరో తెచ్చిన సీసా నుంచి వేయించుకోవద్దు, నాలుగో నెల చూడి అన్న సంగతి డాక్టరుగారికి ముందే చెప్పండి. ప్రాజిక్వాంటెల్ అనే వేరే పురుగుల మందు ఇవ్వొచ్చా, ఈనేదాకా ఆగాలా అన్నది ఆవును చూసి ఆయన నిర్ణయించాలి. మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం ఆగకండి, వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

అసలు జబ్బు మీ చెరువులో ఉంది. చీమిడితో గుడ్లు నీళ్లలో పడతాయి, అందులోంచి వచ్చిన పిల్లలు చుట్టలా చుట్టుకున్న చిన్న నత్తల్లో పెరిగి, నీళ్లలో దిగిన పశువు చర్మం గుండా లోపలికి దూరతాయి. గేదెల్లో లక్షణాలు పెద్దగా కనిపించకపోయినా అవీ గుడ్లు వదులుతూనే ఉంటాయి, మీ ఇంట్లో గేదెలుంటే వాటి చీమిడినీ పరీక్ష చేయించండి. నత్తల కోసం మైలుతుత్తం చల్లితే చేపలు చచ్చిపోతాయి. గట్టు పక్కన గుర్రపుడెక్క, తుంగ తీయించి, వీలైతే బాతులను వదలండి. ఆవును మాత్రం ఈరోజు నుంచే చెరువులోకి దించకుండా, బోరు నీళ్లు తొట్టిలో పోసి తాగించండి.