స్పానిష్ 'ఎక్స్‌కిసీతో', పోర్చుగీసు 'ఎస్కిజీతు' ఒకటేనా?

పుట్టుక ఒకటే, అర్థం మాత్రం కాదు. రెండూ 'వెతికి ఏరినది' అనే లాటిన్ మాట నుంచే వచ్చాయి, కానీ స్పానిష్‌లో అది 'అద్భుతంగా ఉంది' వైపు వెళ్తే పోర్చుగీసులో 'అదోలా ఉంది, తేడాగా ఉంది' వైపు వెళ్లింది. మాడ్రిడ్‌లో భోంచేసి 'లా కొమీదా ఎస్తా ఎక్స్‌కిసీతా' అంటే వండినావిడ మురిసిపోతుంది, అదే మాట లిస్బన్‌లో వాడారా, ఇక మారు వడ్డించరు. చివర 'తా' ఎందుకంటే కొమీదా, అంటే భోజనం, స్త్రీలింగం. బహువచనమైతే చివర 'స్' కూడా చేరుతుంది. ఈ పద్ధతి రెండు భాషల్లోనూ ఉంది. మనకేమో మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకాలు, అన్నిటికీ ఒకే 'మంచి', అందుకే మొదట్లో ఇక్కడే తప్పుతాం. ఇంకోటి, పోర్చుగీసులో థాంక్స్ చెప్పే 'ఒబ్రిగాదు' కూడా ఇలాంటిదే: చెప్పేది ఆడవాళ్లైతే 'ఒబ్రిగాదా', ఎదుట ఎవరున్నా సరే.