బంపర్ మీద పనిచేయని మీటరు, ఎస్సెమ్మెస్‌లు అడిగే యాప్

ప్రశ్న: మాది రాయగడ. కారు బానెట్‌కు ఇక్కడి షెడ్‌లో మళ్లీ పెయింట్ వేయించాను. క్లియర్ కోట్ (రంగు మీది పారదర్శక పొర) గరుగ్గా ఉంది. ఆన్‌లైన్‌లో పెయింట్ మందం కొలిచే బ్లూటూత్ మీటరు కొన్నాను. డోర్ మీద 115, బానెట్ మీద 210 చూపిస్తోంది, బంపర్ మీద ఏమీ రావడం లేదు. మీటరు పాడైందా? బానెట్‌ను వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) ఎంతవరకు రుద్దవచ్చు? యాప్‌ను డబ్బా మీది క్యూఆర్ కోడ్‌తో దించుకున్నాను. ఎస్సెమ్మెస్, కాంటాక్ట్స్, యాక్సెసిబిలిటీ అడిగితే అన్నీ ఇచ్చాను.

జవాబు: ఇదే మీటరు గోల గుణుపూర్ నుంచి ఒకసారి, పర్లాకిమిడి నుంచి ఒకసారి వచ్చింది. మీటరు బాగానే ఉంది. బంపర్ ప్లాస్టిక్, ఈ మీటర్లకు పెయింట్ కింద లోహం ఉండాలి. ఆ ముక్క డబ్బా మీద పెద్దక్షరాలతో వేస్తే వాళ్ల సొమ్మేం పోయిందో!

బానెట్ మీది 210 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చూసి మురిసిపోకండి. అది ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపిన మందం. కంపెనీ పెయింట్‌లో క్లియర్ వాటా మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. మీ బానెట్‌లో పాత పెయింట్ మీదే కొత్తది కొట్టారో, కింద పుట్టీ ఉందో మీటరు చెప్పలేదు. ‘210 ఉంది కదా’ అని రుద్దుతూ పోతే రంగు బయటపడుతుంది. పైగా ఒకే చోట మూడుసార్లు పెట్టి చూడండి. అంకెల మధ్య తేడా కొన్ని మైక్రాన్లు రావచ్చు. మీరు రుద్ది తీయాల్సిందీ ఆ కొన్ని మైక్రాన్లే!

అసలు గరుకు ఎక్కడిదో ముందు తేల్చుకోండి. బానెట్ కడిగి, పలచటి పాలిథీన్ కవర్ చేతికి తొడిగి నిమరండి. ఇసుక రేణువుల్లా తగిలితే అది పైన అతుక్కున్న దుమ్మో, పెయింట్ తుంపరో. రైలు పట్టాల పక్కన బండి పెట్టేవాళ్లకు ఇనుప పొడి కూడా. వాటికి క్లే బార్ (మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) చాలు. అలా కాక బత్తాయి తొక్కలా ఉంటే అది పెయింట్ కొట్టిన స్ప్రే గన్ పనితనం. ఎండలో థిన్నర్ దారిలోనే ఆవిరైపోతే క్లియర్ సాఫీగా పరుచుకోదు. దీనికే వాటర్ పేపర్: 2000 నంబరుది, తర్వాత ఇంకా నున్నటి 3000, సబ్బునీళ్లతో, చివర మెరుగు పెట్టే కంపౌండ్. కారే నీళ్లు పాలలా తెల్లగా ఉన్నంతసేపూ ఫర్వాలేదు. బండి రంగు కనిపించిందా, ఆపేయండి, క్లియర్ అయిపోయినట్టే. అంచుల దగ్గర పొర పలచన, అక్కడ టేపు వేయండి.

పెయింట్ పోతే మళ్లీ కొట్టించవచ్చు. నాకు టెన్షన్ యాప్ గురించే. మందం కొలవడానికి మీ ఎస్సెమ్మెస్‌లు ఎందుకు? ఆండ్రాయిడ్ 11, అంతకు ముందు ఫోన్లలో బ్లూటూత్ వెతుకులాటకు లొకేషన్ అడగడం మామూలే. ఎస్సెమ్మెస్ ఇస్తే ఓటీపీ ఇచ్చినట్టే. యాక్సెసిబిలిటీ ఇంకా ఘోరం, అది ఉన్న యాప్ మీ స్క్రీన్ చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. వాట్సాప్‌లో ‘చలాన్ కట్టండి’ అంటూ వచ్చే ఏపీకే ఫైళ్లలో (ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ ఎక్కించేవి) ఇదే ఎత్తుగడ చూశాం. మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో అది మరీ సులువుగా పారుతుంది. ఓడీ (ఒడిశా) నంబరు బండి వారానికోసారి పార్వతీపురమో విశాఖో వెళ్లొస్తుంది. చలాన్ ఏ రాష్ట్రం పేరుతో వచ్చినా ‘నిజమేనేమో’ అనిపిస్తుంది.

మీ యాప్ అలాంటిదేనని నేననను. కాదని తేలేదాకా ఉంచుకోవద్దంటాను. ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు తీసేసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంతకీ మీటరుకు యాప్ ఎవడు పెట్టమన్నాడు? మూడంకెలు చూపడానికి వేలెడంత స్క్రీన్ చాలు. ఇప్పుడు తూకం మిషన్‌కూ యాపే, టైర్లలో గాలి కొట్టే పంపుకూ యాపే, దానికో లాగిన్, పైగా ఓటీపీ. రేపు వాడు సర్వర్ కట్టేస్తే బంగారంలాంటి వస్తువు మూలన పడుతుంది. తయారుచేసేవాడికి తిక్క సరే, మనమూ అడిగిందల్లా ‘అలౌ’ కొడుతున్నాం.

యాప్ లేకుండా మీ మీటరు పనిచేయకపోతే వాపసు పంపి, స్క్రీన్ ఉన్నది తెప్పించుకోండి. అది వచ్చేదాకా బానెట్ మీద పేపర్ పెట్టకండి.